షరతుల్లేని దానపత్రం

ఓలాండ్ దీవి, ఆదివారం, 11 మార్చి 1984

బార్బ్రో తల్లికి,

మీ నాన్న ఇంకా బతికే ఉన్నాడు. కవరు మీద నా రాత చూడగానే నువ్వు ఉత్తరం చివరినుంచి చదవడం మొదలుపెడతావని మీ అత్త అంటోంది, అందుకే ఆ మాట ముందే రాసేస్తున్నాను. గుండె ఆడుతోంది. అప్పుడప్పుడూ మన మూడో నంబరు లేతు మిషన్‌లాగా మధ్యలో ఒక దగ్గు దగ్గి, మళ్ళీ అందుకుంటుంది. డాక్టరు సముద్రపు గాలి అన్నాడు. గాలికేం కరువు! తలుపు తీస్తే టోపీ పక్క ఊళ్ళో తేలుతుంది. కరువల్లా ఉప్పుకే. మీ అత్త త్యూరా చేసే బంగాళాదుంప ఉండల్లో పంది మాంసం ఉంటుంది, ఉల్లిపాయ ఉంటుంది, ఉప్పు మాత్రం డాక్టరు దగ్గర ఉంటుంది.

ఫోను చెయ్యకు. నువ్వు అరుస్తావు, మిషన్ల హోరుకి పాడైన నా చెవులకి వినపడదు, పక్కన నిలబడ్డ మీ అత్తకి మాత్రం అంతా వినపడుతుంది. ఉత్తరమే రాయి.

ఇక అసలు సంగతి. మీ అత్తా నేనూ ఇక్కడికి వచ్చేటప్పుడు ఆస్క్‌లుండ్ వాళ్ళ కుర్చీల కార్ఖానా ముందునుంచి వచ్చాం. ముసలాయన పోయి మూడేళ్ళు కాలేదు. షేర్లన్నీ ఆయన పేరునే ఉండిపోయాయి కదా, ఆయన కన్ను మూయగానే వారసత్వపు పన్ను కొడుకుల నెత్తిన పడింది. వాళ్ళ ఆస్తంతా మిషన్లలోనూ కర్రలోనూ ఉంది. పన్ను కట్టాల్సింది మాత్రం జేబులోంచి. అమ్మేశారు. కొన్నవాడికి కుర్చీలు అక్కర్లేదు, మిషన్లు ఊడదీసి లారీలకెక్కించుకుపోయాడు. ఇప్పుడా కిటికీలకి అద్దాలు కూడా లేవు. నేను ఆస్పత్రి మంచం మీద నుంచి లేవకపోయి ఉంటే మన గొడ్డలికామల కార్ఖానాకీ అదే గతి పట్టేది కదా అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చాక నిద్ర పడితే ఒట్టు.

అందుకని దానపత్రం నేనే రాసేశాను. షేర్లన్నీ నీకే. లెక్కలాయన రిదేన్‌ని అడగలేదు. అతను ఒక వాక్యం అడిగితే మూడు రాసి, మూడింటికీ బిల్లు వేస్తాడు. మా తాత మా నాన్నకి పొలం రాసిచ్చిన కాగితం నాకు కంఠతా వచ్చు. ఆ పద్ధతిలోనే రాశాను. మన వైపు పొలం ఇచ్చేసే ప్రతి ముసలాడూ చచ్చేదాకా తనకో మినహాయింపు పెట్టుకుంటాడు కదా, వెనక గది, కట్టెలు, ఆవుపాలు అంటూ. నేనూ పెట్టుకున్నాను. ఏటా చలికాలానికి ఒక బండెడు ముక్క కట్టెలు. ఫోర్‌మన్ గది కిటికీ పక్కన నా కుర్చీ. కర్ర కొనేముందూ మనిషిని తీసేసేముందూ నన్నొక మాట అడగడం. పాలు అడగలేదు, నీకు ఆవు లేదు కనక.

చర్చిలో ఆర్గన్ వాయించే మాస్టారూ, పక్కింటి జాలరీ సాక్షి సంతకాలు పెట్టారు. జిల్లా పన్ను ఆఫీసుకి ఒక ప్రతి నిన్ననే పంపేశాను. రెండోది ఇదిగో, నీకు. ఇక నేను నిశ్చింతగా పోవచ్చు. తొందరేమీ లేదనుకో.

మీ నాన్న
ఆల్గోత్

తా.క. ఉప్పు పంపు. చిన్న పొట్లం చాలు. కవరు మీద నట్లు బోల్టులు అని రాయి.


స్టెన్‌ఫోర్స్, 15 మార్చి

నాన్నా,

నీ ఉత్తరం చివరినుంచే చదివాను. చివర బాగానే ఉంది. మధ్యలోకి వచ్చేసరికి నా ప్రాణం పోయింది.

ఆ కాగితం పట్టుకుని రిదేన్ గారి దగ్గరకి పరిగెత్తాను. ఆయన భోంచేస్తున్నాడు. గురువారం కదా, అందరిళ్ళలాగే బఠాణీ చారు. చదివి చెంచా కింద పెట్టేశాడు, మళ్ళీ ఎత్తలేదు. ఆయన చారు వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు నాన్నా.

విను. కుటుంబపు కార్ఖానా షేర్లు దానం చేస్తే పూర్తి విలువ మీద పన్ను వెయ్యరు. మూడో వంతుకి కూడా తక్కువ మీద వేస్తారు. పుచ్చుకున్నవాళ్ళు అయిదేళ్ళపాటు అమ్మకూడదు, అది నాకు షరతు. ఇచ్చేవాడు ఏ షరతూ పెట్టకూడదు, అది నీకు. తనకంటూ ఒక పుల్ల ముక్క మిగుల్చుకున్నా అది దానం కాదంటారు, రాయితీ పోతుంది. నువ్వు బండెడు మిగుల్చుకున్నావు! కట్టెలైతే ఎలాగో నవ్వేసి వదిలేద్దురేమో. ‘నన్నొక మాట అడగాలి’ అన్నావు చూడు, అది చాలట మన కొంప ముంచడానికి. పూర్తి విలువ మీద పన్ను కట్టాలంటే ఎండబెట్టిన కర్రంతా అమ్మాలి, కొత్త మిషన్లు రెండూ అమ్మాలి. అవి పోయాక మిగిలేది షెడ్డూ, అందులో నేనూ.

ఆఫీసు ఇంకా తేల్చలేదు. ఈలోగా చెయ్యగలిగింది ఒక్కటే అన్నాడు రిదేన్ గారు. ఆ మూడూ పాత అలవాటు కొద్దీ రాసినవనీ, వాటిని పూర్తిగా వదులుకుంటున్నాననీ నువ్వు సంతకం చేసి ఆఫీసుకి పంపాలి. కాగితం ఇందులో పెట్టాను. అయితే కాగితం ఒక్కటే చాలదట, నువ్వు నిజంగానే వదిలేశావని వాళ్ళ కంటికి కనపడాలి. అందుకని చెబుతున్నాను, ఈ ఏడు కట్టెలు పంపను. నువ్వు కార్ఖానాకి రాకు. ఫోర్‌మన్ ఎవర్ట్‌కి రాయకు. కర్ర గురించి నోరెత్తకు. నీ చేతులు పట్టుకుంటాను, ఈ కొన్నాళ్ళు అసలు లేనట్టే ఉండు.

నాకు భయంగా ఉంది నాన్నా. పొద్దున ఎవర్ట్ వచ్చి, వాళ్ళావిడ మోకాలి ఆపరేషన్ కోసం వేసవిలో సెలవు కావాలన్నాడు. సరేనన్నాను. వేసవికి ఇక్కడ ఫోర్‌మన్ ఉద్యోగమనేదే ఉంటుందో లేదో అతనికి చెప్పలేదు. అతను ‘చల్లగా ఉండమ్మా’ అన్నాడు. కుళాయి తిప్పి వదిలి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చాను.

ముందు సంతకం పెట్టు. తిట్టాలనుంటే తర్వాత తిట్టు.

నీ బార్బ్రో

తా.క. ఉప్పు పంపను. ఇది మాత్రం పన్ను ఆఫీసు కోసం కాదు.


ఓలాండ్, 20 మార్చి

అమ్మాయ్,

కట్టెలు ఇవ్వనన్నావు. కుర్చీ ఇవ్వనన్నావు. మాట ఇవ్వనన్నావు. ఆఖరికి ఉప్పు కూడా ఇవ్వనన్నావు. చర్చి పక్కన ఆరడుగుల నేల అడుగుతాను, అదైనా రిదేన్‌ని అడిగి ఇస్తావా?

‘లేనట్టే ఉండు’ అని రాశావు. చాలాసేపు ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. మీ అత్త ‘ఏం రాసిందిరా, అలా అయిపోయావు’ అంది. ‘వాతావరణం’ అన్నాను.

మా తాతకి మా నాన్న ఏటా కట్టెలు వేశాడు. అంతమాత్రానికి రాజుగారు మా నాన్న మీద పన్నేమీ వెయ్యలేదు. ఊరు ఊరంతా అలాగే ఇచ్చింది, అలాగే పుచ్చుకుంది. ఇచ్చినవాడు పొయ్యి దగ్గర కూర్చునేవాడు, పుచ్చుకున్నవాడు వెళ్ళి సలహా అడిగేవాడు, విన్నా వినకపోయినా. అడగడమే మర్యాద. ఇప్పుడది నేరమైందా? నేనిచ్చింది దానం కాదా? చేతిలో ఉన్నదంతా ఇచ్చేసి ఒక కుర్చీ అడిగినవాడు ఇవ్వనట్టేనా?

ఇదంతా నీ బుద్ధి కాదులే. రిదేన్ నీ చెవిలో ఊదుతున్నాడు. గోటెబర్గ్‌లో ఎవడో కొనేవాణ్ణి చూసే ఉంటాడు. ముందు ముసలాణ్ణి బయటికి తోస్తే, తర్వాత అమ్మాయిచేత అమ్మించడం ఎంతసేపు! ఆస్క్‌లుండ్ కొడుకుల చుట్టూ కూడా ఇలాంటి లెక్కలవాడే తిరిగేవాడు.

సంతకం పెట్టను. పెట్టనని రిదేన్‌తో చెప్పు.

ఇంకొకటి. ఎవర్ట్‌కి నిన్ననే రాశాను, మీరు కొనబోతున్న ఆ నార్వే బిర్చ్ కర్ర వద్దని. పచ్చి కర్ర అది. ఎండితే బీటలిస్తుంది. గొడ్డలి ఎత్తినవాడి నెత్తిమీదకే కామ విడిచి గొడ్డలి తల ఊడి పడుతుంది. ఇది కూడా చెప్పకూడదంటావా?

ఆల్గోత్


స్టెన్‌ఫోర్స్, 2 ఏప్రిల్

నాన్నా,

భయపడుతున్నంతా అయింది. నీ ఉత్తరాన్ని ఎవర్ట్ కాఫీ వేళ అందరి ముందూ పైకి చదివాడు. మురిసిపోతూ చదివాడు. ‘చూశారా, అంత దూరాన ఉన్నా పెద్దాయనకి బిర్చ్ వాసన తగిలింది’ అన్నాడు. వెంటనే ఫోను చేసి ఆర్డరు రద్దు చేసేశాడు. నన్ను అడగలేదు. నీ మాట వచ్చాక నన్ను అడగాలని అతనికి తోచనే లేదు.

ఆ మర్నాడే పన్ను ఆఫీసునుంచి ఉత్తరం. ‘దానం చేసిన వ్యక్తి సంస్థ వ్యవహారాల్లో ఇంకా పాలుపంచుకుంటున్నారా’ అని. జవాబు రాస్తే చాలదట, మనిషి వచ్చి చూస్తారట. ఏప్రిల్ పదిహేడు, మంగళవారం. పనివాళ్ళని కూడా అడుగుతారట. అడిగితే ఏం చెబుతారు? పందొమ్మిది మంది ఉన్నారు, ఒక్కొక్కళ్ళూ ఆల్గోత్ గారు ఇలా అన్నారు, ఆల్గోత్ గారు అలా అన్నారు అనే చెబుతారు. నీ మీద ప్రేమతోనే చెబుతారు, చెప్పి వాళ్ళ కూడు వాళ్ళే పోగొట్టుకుంటారు.

అందుకే నేను చెయ్యాల్సింది చేశాను. నీ కుర్చీ కిటికీ దగ్గర లేదిప్పుడు. కొక్కేనికున్న నీ కోటు తీయించాను. పెద్దాయన నుంచి ఏ ఉత్తరం వచ్చినా విప్పకుండా నాకివ్వాలని ఎవర్ట్‌తో చెప్పాను. అతను టోపీ సర్దుకుంటూ, ‘మీ నాన్న ఉన్న రోజుల్లో ఇక్కడ మనిషికీ మనిషికీ మధ్య మాటుండేదమ్మా’ అన్నాడు. అప్పట్నుంచీ నేను కాఫీ గదిలోకి వెళితే అందరికీ ఏదో పని గుర్తొస్తోంది. తండ్రిని తరిమేసిన కూతురని అనుకుంటున్నారు. ఎందుకు చేస్తున్నానో చెప్పుకోవడానికి లేదు. చెబితే నటించమని నేర్పినట్టే అవుతుంది. మింగలేను, కక్కలేను.

ఆదివారం ఆస్క్‌లుండ్ వాళ్ళ కార్ఖానా చూడ్డానికి వెళ్ళాను. ఎందుకెళ్ళానో నాకే తెలీదు. తలుపు తోస్తే వచ్చేసింది. మిషన్లు బిగించిన చోట్ల నేలలో గుంటలున్నాయి, ఒక గుంటలోంచి బిర్చ్ మొక్క మోకాలెత్తు లేచింది. లోపలే, కప్పు కింద! పరిగెత్తుకుంటూ వచ్చి కారెక్కాను.

రిదేన్ గారి దగ్గర కొనేవాళ్ళెవరూ లేరు. గోటెబర్గ్ పేరెత్తితే ఆయనకి చెల్లెలి పెళ్ళే గుర్తొచ్చింది. సంతకం పెట్టు నాన్నా. ఇంకెన్ని విధాల అడగను?

బార్బ్రో


ఓలాండ్, 9 ఏప్రిల్

ఎవర్ట్ మీ అత్తకి ఫోను చేశాడు. నా కుర్చీని ఇద్దరు మనుషులు బయటికి మోసుకుపోవడం చూశాడట. పొయ్యిలో పెట్టించావని అక్కడ అందరూ అనుకుంటున్నారట.

మీ అమ్మ పోయిన ఏడాది నేను చేసుకున్న కుర్చీ అది. నీకది తెలుసు.

పదిహేడో తారీకు మంగళవారం నేను వస్తున్నాను. ఆ వచ్చే ఆఫీసరుని నేనూ చూడాలి. అడగాల్సింది నన్నే అడుగుతాడు. నేను చెప్పాల్సిందీ కొంచెం ఉంది.

ఆల్గోత్


స్టెన్‌ఫోర్స్, 11 ఏప్రిల్
ఎక్స్‌ప్రెస్

నాన్నా, రావద్దు.

కుర్చీ అటక మీద ఉంది. గోనెపట్టా కప్పి పెట్టాను, నా చేతుల్తో. ఎవడు చెప్పాడు పొయ్యిలో పెట్టానని? నేనా, అమ్మ కుర్చీనా?

ఇంకెప్పుడైనా రా. బుధవారం రా, వచ్చి ఊరందరి ముందూ చెంప పగలగొట్టు, పడతాను. మంగళవారం మాత్రం రావద్దు. నువ్వు గుమ్మంలో నిలబడితే చాలు, అందరూ లేచి నిలబడతారు. ఇక ఆ ఆఫీసరు ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. నువ్వు నోరు విప్పావంటే ఆ పూటే మనం ఆస్క్‌లుండ్ వాళ్ళమైపోతాం.

అత్తా, ఈ ఉత్తరం ముందు నువ్వు చూస్తే దయచేసి నాన్నని ఆపు.

బార్బ్రో


స్టెన్‌ఫోర్స్, 18 ఏప్రిల్

నాన్నా,

నిన్న మధ్యాహ్నం నుంచీ ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. నా కంటికి ఏం కనబడిందో రాస్తాను, అంతే.

ఆఫీసరు ఆడమనిషి. సన్నగా, జలుబుతో, మెడకి పెద్ద శాలువా చుట్టుకుని వచ్చింది. మర్యాదస్తురాలే. అదే ఎక్కువ భయపెట్టింది. మన కాఫీ తాగింది, దాల్చినచెక్క రొట్టె ఒకటి తింది. తర్వాత ఎవర్ట్‌ని అడిగింది, ‘నార్వే కర్ర ఆర్డరు ఎందుకు రద్దయింది, ఎవరు చెప్పారు?’ అని. ఎవర్ట్ నేలచూపులు చూశాడు. ‘కర్ర పచ్చిదండీ’ అన్నాడు. ‘ఎవరు చెప్పారు?’ అంది మళ్ళీ. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

నువ్వు. చర్చికి వేసుకునే నల్లకోటులో. ఎవర్ట్ లేవబోయాడు. నువ్వు అతని వైపు చూడనైనా లేదు. టోపీ తీసి, అమ్మకాల బల్ల దగ్గరకొచ్చి నిలబడి, ‘ఒక గొడ్డలికామ కావాలి’ అన్నావు.

నేను, ‘ఏం సైజు కావాలండీ?’ అన్నాను.

నువ్వు సైజు చెప్పావు. నేను నాలుగు తెచ్చి పెట్టాను. నువ్వు కామని కంటి దగ్గర పెట్టుకుని కర్ర చార చూడకుండా ఉండటం నా జన్మలో మొదటిసారి చూశాను. చేతికందింది తీసుకున్నావు. వంకర చార ఉన్నది. నాలుగింటిలోకీ చెడ్డది అదే. ఎవర్ట్ మొహం తిప్పుకున్నాడు. నువ్వు డబ్బిచ్చి, రసీదు రాసేదాకా ఆగావు. పేరేమిటని అడగలేక ‘కొనుగోలుదారు’ అని రాశాను.

ఆవిడ శాలువా సర్దుకుని, ‘మీరు ఆల్గోత్ గారు కదూ? ఇదివరకు ఈ కార్ఖానా మీదేగా?’ అంది.

‘ఇదివరకు’ అన్నావు.

‘ఇప్పుడు కర్ర ఏది కొనాలో ఎవరు చెబుతారు?’

‘ఆవిణ్ణి అడగండమ్మా, నాకేం తెలుసు? నేను కొనడానికొచ్చినవాణ్ణి’ అన్నావు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయావు.

ఆ తర్వాత ఆవిడ ఫైల్లోంచి నీ సంతకం ఉన్న కాగితం తీసి చూపించింది. మూడూ వదులుకుంటున్నట్టు. తారీకు చూస్తే మార్చి ఇరవయ్యొకటి! సంతకం పెట్టనని నాకు రాసిన మర్నాడే పెట్టి పంపేశావు. నాకెందుకు చెప్పలేదు నాన్నా? మొండితనానికి కూడా ఒక హద్దుండాలి. ఇన్నాళ్ళూ నేను ప్రాణాలరచేతిలో పెట్టుకుని తిరిగానే!

ఆవిడ వెళ్ళగానే బస్‌స్టాపుకి పరిగెత్తాను. బస్సు వెళ్ళిపోయింది. క్షమించు. నీకెంత రుణపడ్డానో చెప్పడానికి మాటల్లేవు. రాయి.

నీ బార్బ్రో


స్టెన్‌ఫోర్స్, 7 జూన్

నాన్నా,

ఇది నేను వరసగా రాస్తున్న మూడో ఉత్తరం. ఒక్కదానికీ నీ జవాబు లేదు. అత్తని ఫోనులో అడిగితే, ‘తింటున్నాడు, నడుస్తున్నాడు, మాట్లాడ్డం లేదు’ అంటుంది. నన్ను భయపెట్టకు.

నిర్ణయం వచ్చింది. రాయితీ ఇచ్చారు! అయిదేళ్ళు అమ్మకుండా ఉంటే చాలు. ఈ పన్ను మనం కట్టుకోగలం, ఒక్క మిషనూ పోదు. రిదేన్ గారు మనిషే మారిపోయి నన్ను కౌగలించుకున్నాడు, మళ్ళీ సిగ్గుపడ్డాడు. పనివాళ్ళకి ఇప్పుడు అంతా చెప్పేశాను. ఎవర్ట్ కాఫీ గదిలో క్రీము కేకు కోసి మొదటి ముక్క నాకే పెట్టాడు. వాళ్ళావిడ ఆపరేషన్‌కి అతను అడిగిన సెలవు ఖాయం.

ఆ నిర్ణయం నకలు ఒకటి పంపుతున్నాను. అందులో ‘దానం చేసిన వ్యక్తికి సంస్థతో ఎట్టి సంబంధమూ మిగిలిలేదని పరిశీలనలో రూఢి అయినది’ అని ఉంటుంది. పట్టించుకోకు, అది వాళ్ళ భాష. నువ్వొచ్చి ఇక్కడ కాఫీ తాగితే ఎవరూ తప్పు పట్టరని రిదేన్ గారు ఒట్టేసి చెప్పాడు. మిడ్‌సమ్మర్ పండక్కి వచ్చెయ్. కుర్చీ కిందికి దింపించాను.

ఎందుకు రాయవు? కోపమా? కోపమైతే తిట్టు. నువ్వు తిట్టకపోతే నాకు ఊపిరాడదు.

నీ బార్బ్రో


ఓలాండ్, 13 జూన్

బార్బ్రో,

కాగితం అందింది. మంచి జరిగింది. ఆ రాత్రి నిజంగా నిద్రపోయాను, చాలా రోజుల తర్వాత.

కోపం లేదు. సంతకమంటావా, ఆస్క్‌లుండ్ కిటికీలు గుర్తొచ్చి మర్నాడే పెట్టేశాను, ఓడిపోయానని నీకు చెప్పబుద్ధి కాలేదు. ఉన్న కోపమంతా ఆ మంగళవారం గేటు దగ్గరే అయిపోయింది. కుర్చీ బతికే ఉందని నీ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం చదివాను, అయినా వచ్చాను. ఆఫీసరు ముందు నిన్నూ రిదేన్‌నీ కడిగి పారేద్దామనే వచ్చాను. బస్సులో మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను కూడా. గేటు పక్కనున్న కిటికీలోంచి నువ్వు కనబడ్డావు. కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకున్నావు, అయినా కాఫీ సాసర్లోకి ఒలుకుతోంది. నేను పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో! సరే, కొనడానికొచ్చినవాణ్ణే అవుదాం అనుకున్నాను. కొంచెం సరదా కూడా వేసింది, దాచడమెందుకు.

అప్పుడు నువ్వు ‘ఏం సైజు కావాలండీ?’ అన్నావు.

నీ కళ్ళలోకి చూశాను. అక్కడ నన్ను ఎరిగినవాళ్ళెవరూ లేరు.

నటన అని నాకు తెలుసు. మొదలుపెట్టింది నేనే కదా. కానీ బస్సెక్కి కూర్చున్నాక వంతెన దాటేదాకా ఒకటే అనుమానం. నటనేనా? నేను నటిస్తున్నప్పుడు నాకు చెమట పట్టింది, నీ గొంతు మాత్రం ఎక్కడా తొణకలేదు. పచారీ కొట్టులో పిల్ల అడిగినట్టు అడిగావు.

ఇన్నాళ్ళూ రాయనిది అందుకే. భయమేసింది అమ్మాయ్. చావంటే భయపడ్డాను, పన్నంటే భయపడ్డాను, ఇలాంటి భయం మాత్రం ఎరగను. అంతా ఇచ్చేసిన ముసలాడికి ఇక కూతురు కూడా మిగలలేదేమోనని. ఆఫీసువాళ్ళు ఏదీ తేలిగ్గా రాయరు, చూసే రాస్తారు. ఎట్టి సంబంధమూ మిగిలిలేదని రాశారు. అది చదివి నాకు నవ్వు రాలేదు.

పండక్కి రాను. ఆ కుర్చీలో ఎవర్ట్‌ని కూర్చోమను, అతనికీ వయసొచ్చింది. నువ్వు రాసిన ఉత్తరాల్లో క్షమాపణ ఉంది, కృతజ్ఞత ఉంది. నాకు కావలసింది లేదు, నేను అడగలేదు కనక. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ రోజు నటించావా? గుండె జబ్బువాడని జాలిపడి అబద్ధం రాయకు. అబద్ధమైతే నాకు తెలిసిపోతుంది.

మీ నాన్న


స్టెన్‌ఫోర్స్, 18 జూన్

నాన్నా,

నటించలేదు.

మూడు నాలుగు రోజులుగా ‘అవును, నటించాను, నువ్వే నేర్పావు కదా’ అని రాసి చింపేస్తున్నాను. నువ్వన్నట్టు తెలిసిపోతుంది. పైగా నేను చింపినవన్నీ చదువుకుంటే చాలా బాగున్నాయి, అందుకే వాటి మీద నమ్మకం పోయింది.

ఆ తలుపు తెరుచుకున్నప్పుడు నాకు నాన్న కనబడలేదు. ఎవరో ముసలాయన కనబడ్డాడు. మా అందరి కూడూ ఎత్తుకుపోవడానికి సరిగ్గా ఆ గంటకి వచ్చినవాడు. ఈ మనిషి నాకు ఎవరూ కాకపోతే ఎంత బావుణ్ణు అనుకున్నాను. ఊరికే అనుకోలేదు నాన్నా, దేవుడికి మొక్కినట్టు అనుకున్నాను. నా గొంతు తొణకలేదంటే ఆ మొక్కు ఆ క్షణానికి తీరినందుకే. నువ్వు నాకెవరూ కావు. అందుకే సైజు అడగగలిగాను. వంకర చార కామ నువ్వు తీసుకుంటే ఒక్కటే తోచింది, హమ్మయ్య, చెడ్డది అమ్ముడుపోయిందని.

నువ్వు గుమ్మం దాటాక ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత ఆవిడ నీ సంతకం చూపించింది. అప్పుడు నువ్వు మళ్ళీ నాన్నవయ్యావు. బస్‌స్టాపుకి పరిగెత్తింది అప్పుడే.

నీ భయం ఇదే కదా? నాదీ ఇదే. పన్ను భయం పోయింది, ఇది పోలేదు. అంత తేలిగ్గా వదిలెయ్యగలిగినదాన్ని, ఇంకోసారి వదలనని నాకేం నమ్మకం? రోజూ పొద్దున కార్ఖానా తాళం తీస్తుంటే చేతిలో తాళం బరువుగా ఉంటోంది. నువ్వు షరతుల్లేకుండా ఇచ్చావు. నేను పుచ్చుకున్న తీరు మాత్రం వేరు. దీనికి రిదేన్ గారు రాసిచ్చే కాగితం ఏదీ లేదు.

శుక్రవారం పండగ. అందరినీ పంపేసి, మధ్యాహ్నం కారులో వస్తున్నాను. రావద్దని రాయకు, రాసినా అది నాకందదు. తలుపు తియ్యకపోయినా సరే, బయట మెట్టు మీద కూర్చుంటాను, అత్త తిట్టినా కదలను. తీస్తే, ‘ఏం కావాలండీ’ అని అడుగు. అడగాలి నువ్వు. జవాబు చెప్పేటప్పుడు నా గొంతు ఎలా ఉంటుందో వినేంత దగ్గరగా నిలబడి అడుగు.

బార్బ్రో